256 గళ్ళు

పాత కారుకి ఎలక్ట్రానిక్ ఫ్యూయల్ ఇంజెక్షన్ పెడుతున్నానని చెప్తే ఇక్కడ రెండు రకాల జవాబులు వస్తాయి. పాత కార్లంటే ప్రాణం పెట్టేవాళ్ళు "అయ్యో, దాన్నెందుకు పాడుచెయ్యడం" అంటారు. మిగతావాళ్ళు "ఆ డబ్బులతో ఓ మంచి హోండా వచ్చేది కదా" అంటారు. మా నాన్న ఈ రెండూ అనలేదు. "దానికి జబ్బేంటి?" అన్నాడు.

నాన్న విజయవాడ ఆటోనగర్‌లో నలభై ఏళ్ళు మెకానిక్. జబ్బు లేని బండికి బానెట్ ఎత్తకూడదని ఆయన నమ్మకం. బాగా నడుస్తున్న ఇంజను మీద చెయ్యి వేసిన కుర్రాళ్ళని షెడ్డులో తిట్టడం చాలాసార్లు విన్నాను. కాబట్టి ఆ ప్రశ్న ఏదో మాటవరసకి అడిగింది కాదు. దానికి నా జవాబు ఒక్క ఫోన్ కాల్‌లో అయిపోలేదు. ఏడాదిన్నర పట్టింది.

కారు 1970 నాటి ఎంజీబీ రోడ్‌స్టర్. ఇంగ్లండ్‌లో ఆబింగ్డన్ అనే చిన్న ఊళ్ళో 1962 నుంచి 1980 దాకా తయారయ్యేవి. మొత్తం ఐదు లక్షలకు పైగా చేశారు, అందులో చాలా భాగం అమెరికాకే వచ్చాయి. రెండు సీట్లు, మడిచిపెట్టే గుడ్డ టాపు, 1798 సీసీ ఇంజను, దానికి రెండు ఎస్‌యూ కార్బొరేటర్లు. పేరుకి స్పోర్ట్స్ కారేగానీ ఇవాళ్టి మామూలు ఫ్యామిలీ కారు సిగ్నల్ దగ్గర దీన్ని అవలీలగా దాటేస్తుంది. మా ఆఫీసులో రిటైరైన ఒకాయన తన గరాజ్‌లో దుప్పటి కప్పి ఉంచిన దాన్ని కొన్నాను. నేనుండేది డెన్వర్‌లో. ఈ ఊరి పేరు మళ్ళీ వస్తుంది, ఎందుకంటే జబ్బు సగం ఊరిదే.

*

వీడియో కాల్‌లో మొదటిసారి బానెట్ ఎత్తి చూపించినప్పుడు నాన్న ఫోను మొహానికి దగ్గరగా పెట్టుకున్నాడు. "ఇది మన అంబాసిడర్ ఇంజనేగదమ్మా!" అన్నాడు.

నిజమే. రెండూ బ్రిటిష్ మోటార్ కార్పొరేషన్ వాళ్ళ 'బి సిరీస్' ఇంజన్లే. మన అంబాసిడర్‌లో దశాబ్దాలపాటు వచ్చిన 1489 సీసీ పెట్రోలు ఇంజనుకి ఎంజీబీది పెద్దన్న వరస. నాన్నకి ఈ చరిత్రేమీ తెలియదు. రాకర్ కవర్ మీద ఉన్న రెండు నట్లు చూసి, పక్కనున్న ట్యాపెట్ మూతలు చూసి పోల్చుకున్నాడు. ఫోనుని ఇంకాస్త పక్కకి తిప్పమని, "కార్పొరేటర్లు రెండున్నాయేంటి?" అన్నాడు. మా షెడ్డులో అందరూ దాన్ని కార్పొరేటర్ అనే అనేవాళ్ళు. మునిసిపాలిటీ ఎలక్షన్లప్పుడు ఆ మాట మీద చాలా జోకులు నడిచేవి.

అంబాసిడర్‌లో ఉన్నదీ ఎస్‌యూ కార్బొరేటరే. ఎస్‌యూ అంటే స్కిన్నర్స్ యూనియన్. చెప్పుల వ్యాపారం చేసే కుటుంబంలో పుట్టిన జార్జ్ స్కిన్నర్ దీన్ని కనిపెట్టాడు, 1910లో కంపెనీ పెట్టారు. మొదటి రోజుల్లో దీని లోపల తోలుతిత్తి ఉండేదట. కమ్మరి కొలిమి దగ్గర ఉంటుందే, అలాంటి తిత్తి. తర్వాత దాని స్థానంలో లోహపు పిస్టన్ వచ్చింది.

ఇది పనిచేసే తీరు ఒకసారి అర్థమైతే మళ్ళీ మర్చిపోలేం. ఇంజను గాలిని ఎంత లాగితే పిస్టన్ అంత పైకి లేస్తుంది. పిస్టన్ అడుగున ఒక సూది. ఆ సూది పెట్రోలు వచ్చే రంధ్రంలోకి దిగి ఉంటుంది. సూది కిందకి పోయేకొద్దీ సన్నగా ఉంటుంది కాబట్టి, పిస్టన్ లేచినకొద్దీ రంధ్రంలో సందు పెరిగి పెట్రోలు ఎక్కువ వస్తుంది. యాక్సిలరేటర్ ఒక్కసారిగా తొక్కితే పిస్టన్ గబుక్కున ఎగరకుండా పైన చిన్న గొట్టంలో నూనె పోస్తారు. నూనె వల్ల పిస్టన్ ఒక్క క్షణం ఆలస్యంగా లేస్తుంది. ఆ క్షణంలో ఇరుకు దారిలో గాలి వేగం పెరిగి పెట్రోలు ఎక్కువ లాక్కుంటుంది. బండికి పికప్ వస్తుంది. చలిలో స్టార్ట్ చెయ్యడానికి చోక్ లాగితే పెట్రోలు రంధ్రం ఉన్న గొట్టమే కిందకి దిగుతుంది, సూది చుట్టూ సందు పెరుగుతుంది. ఇంత పనికీ ఎక్కడా కరెంటు లేదు. పిస్టన్, సూది, స్ప్రింగు, నూనె.

నాన్న దీన్ని ట్యూన్ చేసే పద్ధతి ఇలా ఉండేది. బండి వేడెక్కేదాకా ఆగేవాడు. కార్బొరేటర్ పక్కన చిన్న పిన్ను ఉంటుంది, దాన్ని వేలితో పైకి నెడితే లోపల పిస్టన్ మిల్లీమీటరు కన్నా తక్కువ లేస్తుంది. అంతమాత్రానికే ఇంజను గొంతు మారుతుంది. స్పీడు పెరిగి అలాగే ఉండిపోతే పెట్రోలు ఎక్కువైనట్టు. మూలిగి ఆగిపోబోతే గాలి ఎక్కువైనట్టు. రవ్వంత పెరిగి మళ్ళీ మొదటి స్పీడుకి వచ్చేస్తే సరిపోయినట్టు. తేడా ఉంటే అడుగునున్న ఆరుపలకల నట్టుని ఒక్క పలక తిప్పేవాడు. మళ్ళీ పిన్ను, మళ్ళీ చెవి. ఆ తర్వాత రోడ్డు మీద ఒక రౌండు కొట్టొచ్చి స్పార్క్ ప్లగ్గు విప్పి చూసేవాడు. బిస్కెట్ రంగులో ఉంటే బిల్లు రాయమనేవాడు.

*

మధ్యాహ్నం షెడ్డుకి క్యారేజీ తీసుకెళ్ళేది నేనే. ఆయన చేతులు కడుక్కుని వచ్చేదాకా గడప దగ్గర నిలబడేదాన్ని. లోపలికి రావద్దని నాన్న ఎప్పుడూ అనలేదు, రమ్మనీ అనలేదు. హెల్పర్లుగా చేరిన కుర్రాళ్ళు ఆయన పక్కన నిలబడి పిన్ను ఎత్తడం నేర్చుకున్నారు. నేను గడప దగ్గర్నుంచి ఇంజను గొంతు మారడం విన్నాను. "మన ఇంట్లో గ్రీజు నాతో ఆఖరు. నువ్వు చదువుకో" అనేవాడు. చదువుకున్నాను. ఈసీఈ చేశాను, ఈ దేశం వచ్చాను, ఉద్యోగంలో చేతికి మరకంటే కాఫీదే.

"దానికి జబ్బేంటి?" అన్న ప్రశ్నలో ఇది కూడా ఉందని నాకు తెలుసు. అంత చదివించింది మళ్ళీ బండి కింద పడుకోడానికా అని.

నాన్నకిప్పుడు డెబ్బై నాలుగు. కుడిచెవి పూర్తిగా పోయింది, ఎడమచెవి సగం. రేకుల షెడ్డులో గ్రైండర్ల మధ్య, సైలెన్సర్ విప్పిన ఇంజన్ల మధ్య బతికిన చెవులు. హియరింగ్ ఎయిడ్ ఉందిగానీ పెట్టుకోడు, "అన్నీ రేకుడబ్బాలో గులకరాళ్ళలా వినపడతాయి" అంటాడు. పైగా ఫోను ఇంకో అడ్డం. వీడియో కాల్ యాప్‌లు మనిషి గొంతుని ఉంచి, ఆగకుండా వచ్చే చప్పుడుని అనవసరమని తీసేస్తాయి. నేను ఇంజను స్టార్ట్ చేసి ఫోను దగ్గర పెడితే ఆయనకి మూగగా వణికే ఇంజను కనపడేది. చప్పుడు వినే బతికినాయన దగ్గరికి చప్పుడు తప్ప అన్నీ చేరుతున్నాయి.

*

ఇక జబ్బు సంగతి.

డెన్వర్ సముద్రమట్టానికి 1609 మీటర్ల ఎత్తున ఉంది. సముద్రం ఒడ్డున గాలి పీడనం వంద కిలోపాస్కల్స్ అనుకుంటే ఇక్కడ ఎనభైమూడు. ఊరి నుంచి పడమటికి గంటన్నర పోతే లవ్‌ల్యాండ్ పాస్ అనే కనుమ వస్తుంది, 3655 మీటర్లు. అక్కడ అరవై నాలుగు, అరవై అయిదు. గుడ్డ టాపు ఉన్న కారుని కొని ఆ కొండలెక్కకుండా ఉండలేం. ఎక్కితే కార్బొరేటర్ ఉక్కిరిబిక్కిరవుతుంది. ఎస్‌యూ పిస్టన్ గాలి జోరుని పట్టుకుంటుందిగానీ ఆ గాలి ఎంత పల్చబడిందో పూర్తిగా పట్టుకోలేదు. పైకి వెళ్ళినకొద్దీ గాలిలో సరుకు తగ్గుతుంది, పెట్రోలు అంత లెక్కలో తగ్గదు.

ఈ మాట ఊరికే చెప్తే నాన్న ఒప్పుకోడు. అందుకని కార్బొరేటర్లు విప్పకముందే పొగ గొట్టానికి వైడ్‌బ్యాండ్ ల్యాంబ్డా సెన్సర్ పెట్టించాను. కాలిన పొగలో మిగిలిన ఆక్సిజన్‌ని చూసి, గాలికి పెట్రోలు సరిపోయిందా లేదా చెప్పే పరికరమది. సరిగ్గా సరిపోతే 1 చూపిస్తుంది. ఒకటికి తక్కువైతే పెట్రోలు ఎక్కువ, ఒకటికి మించితే గాలి ఎక్కువ. పుస్తకాల్లో 14.7 పాళ్ళ గాలికి ఒక పాలు పెట్రోలు అని ఉంటుంది. ఇక్కడ బంకుల్లో పది శాతం ఇథనాల్ కలిపి అమ్ముతారు కాబట్టి ఆ లెక్క 14.1 దగ్గరికి వస్తుంది. ల్యాంబ్డా ఈ గొడవ లేకుండా ఏ పెట్రోలుకైనా ఒకటే భాష మాట్లాడుతుంది.

ముందు నాన్న పద్ధతిలోనే ట్యూన్ చేశాను. వేలితో పిన్ను, నట్టుకి ఒక్కో పలక, గడప దగ్గర్నుంచి విన్న గొంతు. రవ్వంత పెరిగి వెనక్కొచ్చే చోట ఆపి మీటరు చూశాను. 0.94. మర్నాడు మొదట్నుంచీ మళ్ళీ చేశాను. 0.94, రెండో కార్బొరేటర్‌ది కాస్త అటూ ఇటూ. ఐడ్లింగ్‌లో ఈ ఇంజను నెమ్మదిగా, నిలకడగా తిరిగే చోటు అదే. నాన్న చెవి నలభై ఏళ్ళు ఏ అంకె మీద ఆగుతూ వచ్చిందో నాకప్పుడు తెలిసింది. ఆయనకి ఫోన్ చేసి చెప్పాను. "అంటే పాసా, ఫెయిలా?" అన్నాడు.

తర్వాత అలాగే లవ్‌ల్యాండ్ పాస్ ఎక్కాను. పైన ఆపితే మీటరు 0.84. ఫార్ములా ప్రకారమూ పదో వంతు తేడా రావాలి. బండి ఇంజను దగ్గుతోంది, వెనక నల్లటి మసి. ఫొటో పంపాను.

"ఇదా జబ్బు. ఒక పలక తిప్పితే పోయేదానికి ఇంత వేషమెందుకు?"

"ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి తిప్పాలి నాన్నా. మధ్యలో ప్రతి మలుపులోనూ."

"ఓ హెల్పర్ని పెట్టుకో."

"ఆ హెల్పర్నే పెడుతున్నాను."

అప్పట్నుంచి మా ఇంట్లో ఆ కంప్యూటర్ పేరు హెల్పర్. "హెల్పర్ వచ్చాడా? జీతమెంత?" అని అడిగేవాడు.

*

ఈ పని ఇంట్లో చేసుకోవచ్చనే ధైర్యం చాలామందికి ఇచ్చింది మెగాస్క్వర్ట్. 2001 ప్రాంతంలో బ్రూస్ బౌలింగ్, ఆల్ గ్రిపో అనే ఇద్దరు ఇంజనీర్లు దీన్ని తయారుచేసి, సర్క్యూట్ ఎలా పనిచేస్తుందో దాచకుండా అందరి ముందూ పెట్టారు. కిట్ కొనుక్కుని మనమే టంకం వేసుకోవచ్చు. నేను అలాగే చేశాను. కాలేజీ ల్యాబ్‌లో వదిలేసిన సోల్డరింగ్ ఐరన్ పదిహేనేళ్ళ తర్వాత మళ్ళీ పట్టుకున్నాను.

ఇంజెక్షన్ అంటే ఈ కారు కాలానికి చెందని వస్తువేమీ కాదు. బాష్ కంపెనీ డి-జెట్రానిక్ అనే ఎలక్ట్రానిక్ ఇంజెక్షన్ 1967లోనే వచ్చింది, ఫోక్స్‌వాగన్ కార్లలో అమ్మారు. అదీ మానిఫోల్డ్‌లో గాలి పీడనాన్ని కొలిచే పద్ధతే, నేను పెట్టేదీ అదే. నా ఎంజీబీ ఆబింగ్డన్‌లో బయటికొచ్చేటప్పటికే అమెరికా రోడ్ల మీద అలాంటి కార్లు తిరుగుతున్నాయి. పాడుచేస్తున్నావనేవాళ్ళకి నేను చెప్పేది ఇదే. ఇంకొక్క మాట కూడా. పొగ గొట్టానికి సెన్సర్ పెట్టిన రంధ్రం తప్ప మొత్తం వెనక్కి తీసుకోవచ్చు. కార్బొరేటర్లు నూనెగుడ్డలో చుట్టి పెట్టెలో ఉన్నాయి.

గట్టి పని పెట్రోలు దారిలో ఉంది. పాత పంపు మూడు పీఎస్ఐ పీడనంతో పెట్రోలు పంపుతుంది. ఇంజెక్టర్లకి నలభైమూడు కావాలి. అంటే పంపు మార్చాలి, గొట్టాలన్నీ మార్చాలి, వాడగా మిగిలిన పెట్రోలు ట్యాంకుకి తిరిగి వెళ్ళడానికి ఇంకో గొట్టం వెయ్యాలి. కారు దేన్నైనా గుద్దితే పంపు ఆగిపోయే స్విచ్ పెట్టాలి. ఇక్కడి ఇళ్ళలో నీళ్ళు కాచే గ్యాస్ హీటర్ గరాజ్‌లోనే ఉంటుంది, దాని కింద ఎప్పుడూ చిన్న మంట. పెట్రోలు గొట్టం ముట్టుకున్న ప్రతిసారీ కారుని బయటికి తోసుకెళ్ళి పనిచేశాను. నాన్న ఈ విషయంలో జోకులు వెయ్యలేదు. "క్లిప్పు ప్రతిదీ రెండుసార్లు చూడు. పెట్రోలు పక్కవాడు చూసేదాకా ఆగదు" అన్నాడు.

దీనివల్ల నాన్న వెంటనే మెచ్చుకున్న లాభం ఒకటుంది. విజయవాడ ఎండల్లో అంబాసిడర్లు రోడ్డు మధ్య ఆగిపోయేవి. వేడికి పంపులో, పైపులో పెట్రోలు ఆవిరై బుడగలు కడితే పంపు దాన్ని తొయ్యలేదు. డ్రైవర్లు పంపు మీద తడిగుడ్డ వేసి పది నిమిషాలు బీడీ కాల్చుకునేవాళ్ళు. నలభైమూడు పీఎస్ఐలో పెట్రోలు అంత తేలిగ్గా మరగదు, పైగా ఆగకుండా ట్యాంకుకి తిరిగి పోతూ ఉంటుంది. "తడిగుడ్డ అక్కర్లేదన్నమాట" అన్నాడు నాన్న. ఈ ప్రాజెక్టులో ఆయన పూర్తిగా ఒప్పుకున్న మొదటి సంగతి అదే.

ఇంకో చిక్కు ఇంజనులోనే ఉంది. నాలుగు సిలిండర్లకి గాలి పోయే దారులు రెండే. ఒకటి, రెండు సిలిండర్లకి ఒక దారి, మూడు, నాలుగుకి ఇంకొకటి. ఫైరింగ్ ఆర్డర్ 1-3-4-2. రెండు గాలి పీల్చిన వెంటనే ఒకటి పీలుస్తుంది, ఆ తర్వాత ఆ దారిలో చాలాసేపు ఎవరూ ఉండరు. ఒకే కంచంలో తినే ఇద్దరిలో వెనక కూర్చున్నవాడికి మిగిలిందే దక్కుతుంది. సిలిండర్‌కి ఒక ఇంజెక్టర్ అనే ఇవాళ్టి పద్ధతి ఇక్కడ నేరుగా కుదరదు. అందుకని కార్బొరేటర్లు కూర్చున్న చోటే రెండు థ్రాటిల్ బాడీలు, ఒక్కోదానికి ఒక్కో ఇంజెక్టర్ పెట్టాను. పెట్రోలు వాల్వుకి దూరంగా పడి, దారిలో గాలితో కలిసి, ఎస్‌యూ ఇచ్చినట్టే ఇద్దరికీ చేరుతుంది. సెన్సర్ నాలుగింటి సగటునే చెప్తుంది. ఎవరికెంత అందిందో చెప్పేది ఇప్పటికీ ప్లగ్గు రంగే. నాలుగు ప్లగ్గులూ వరసగా పెట్టి ఫొటో పంపుతుంటే నాన్న ఫొటోని పెద్దది చేసుకుని చూసేవాడు. కళ్ళకి ఏ లోటూ లేదు.

*

హెల్పర్ చేసే పని ఇది. మానిఫోల్డ్‌లో పీడనం ఎంత, గాలి ఎంత వేడిగా ఉంది, ఇంజను ఎంత వేగంగా తిరుగుతోంది, ఈ మూడూ చూసి సిలిండర్‌లోకి ఎంత గాలి వెళ్ళి ఉంటుందో లెక్క కడుతుంది. దానికి సరిపడా ఇంజెక్టర్‌ని రెండు మూడు మిల్లీసెకన్లో, ఐదారో తెరిచి మూస్తుంది. కానీ ఈ ఇంజను ఊపిరి ఏ వేగంలో ఎంత బాగా తీస్తుందో దానికి తెలియదు. అది మనం చెప్పాలి. చెప్పడానికి ఒక పట్టిక ఉంటుంది. అడ్డంగా ఇంజను వేగం పదహారు మెట్లు, నిలువుగా పీడనం పదహారు మెట్లు. మొత్తం 256 గళ్ళు. ప్రతి గడిలో ఒక అంకె.

ఖాళీ పట్టిక చూస్తే భయం వేస్తుంది. ఎస్‌యూలో ఈ పట్టిక లేదా అంటే, ఉంది. సూది చెక్కినతీరే ఆ పట్టిక. సూది పొడవునా అంగుళంలో ఎనిమిదో వంతుకొక చోట దాని మందం కొలిచి, ఆ కొలతల వరసకి ఒక పేరు పెట్టి అమ్మేవాళ్ళు. ఎవరో ఇంగ్లండ్‌లో టెస్ట్ బెంచి మీద కూర్చుని ఆ కొలతలు తేల్చి ఇత్తడి సూదిలో రాసేశారు. మెకానిక్ దాన్ని చదవక్కర్లేదు. నట్టు తిప్పితే చాలు.

ఇప్పుడు నేను చదవాలి. చాలా గళ్ళు సాఫ్ట్‌వేరే దిద్దుతుంది. పక్కసీట్లో ల్యాప్‌టాప్‌కి బెల్టు పెట్టి రోడ్డు మీద తిరుగుతుంటే, సెన్సర్ చెప్పేదాన్ని బట్టి గడిలో అంకె కొంచెం కొంచెం మారుతుంది. మామూలు వేగంలో ల్యాంబ్డా 1 దగ్గర, ఫుల్లుగా తొక్కినప్పుడు 0.87 దగ్గర ఉండేలా లక్ష్యం పెడతాం. ఇది ఓపికతో అయ్యే పనే. అలా అవ్వనివి మూడున్నాయి: ఐడ్లింగ్, పికప్, చలిలో స్టార్టింగ్. ఆ మూడింటికీ రోజూ రాత్రి విజయవాడకి ఫోన్ చేశాను. అక్కడ పొద్దున్న, నాన్న టీ తాగే టైము.

ఐడ్లింగ్ కోసం, "చప్పుడు నాకు రావట్లేదు. రాకర్ కవర్ మీద గ్లాసుతో నీళ్ళు పెట్టు" అన్నాడు. పెట్టాను. నీటి మీద అలలు ఫోన్‌లో చూస్తూ, "ఇంకొంచెం వెయ్యి. ఆపు. ఎక్కువైంది. వెనక్కి" అంటూ పోయాడు. నేను గడిలో అంకెలు మారుస్తూ పోయాను. నీళ్ళు కుదురుగా నిలిచినచోట ఆపమన్నాడు. మీటరు 0.95.

పికప్ కోసం ల్యాప్‌టాప్ గీసిన గ్రాఫు పంపాను. "ఈ ఎర్రగీత కాలు తొక్కడం, ఈ పచ్చగీత పొగ" అని చెప్పాను. తొక్కిన క్షణాన పచ్చగీత ఒక్కసారి పైకెగిరి కిందకొచ్చింది. ఆయన కాసేపు చూసి, "ఇక్కడ బండి గుటకేసింది" అన్నాడు. అంబాసిడర్‌లో ఆ గుటక వస్తే పైనున్న గొట్టంలో నూనె అయిపోయినట్టేనట. నూనె చిక్కగా పోస్తే ఏమవుతుందో, పల్చగా పోస్తే ఏమవుతుందో చెప్పాడు. ఆ చెప్పిన తీరులోనే హెల్పర్‌కి రెండు అంకెలున్నాయి: తొక్కినప్పుడు ఎంత పెట్రోలు అదనంగా ఇవ్వాలి, ఆ అదనం ఎంతసేపట్లో తగ్గిపోవాలి. చిక్కటి నూనె అంటే రెండోది పెద్దది. నాలుగు రోజుల్లో గుటక పోయింది.

చలి మాత్రం నాన్నకీ కొత్తే. ఇంజను రాత్రంతా చల్లారితేగానీ చలిలో స్టార్టింగ్‌ని పరీక్షించలేం, అంటే రోజుకి ఒక్క ప్రశ్నే అడగొచ్చు. నీళ్ళ సెన్సర్ ఇరవై డిగ్రీల దగ్గర మూడున్నర వేల ఓమ్‌లు చూపిస్తుంది, వంద డిగ్రీలకి నూట డెబ్భై ఏడు. ఆ మధ్యలో ఏ వేడికి ఎంత పెట్రోలు అదనంగా పొయ్యాలో వేరే పట్టిక. "చోక్ ఎప్పుడు లోపలికి నెట్టాలో ఎలా తెలిసేది?" అని అడిగాను. "బండే చెప్తుంది. గొంతు బరువెక్కుతుంది, అప్పుడు సగం నెట్టాలి. కుదుటపడ్డాక మిగతా సగం." బరువెక్కడం అంటే ఏ అంకె? మంచు కురిసిన పొద్దున్న గరాజ్‌లో నిలబడి ఆ గొంతు కోసం చెవొగ్గాను. బరువెక్కినప్పుడల్లా వేడి ఎంతో రాసుకున్నాను. ఒక డిసెంబరు, ఒక జనవరి పట్టింది.

నలభై ఏళ్ళలో ఆయన్ని ఎవరూ ఇన్ని ప్రశ్నలు అడగలేదు. హెల్పర్లు పక్కనే నిలబడి చూసి నేర్చుకున్నారు, అడగాల్సిన పని లేదు. నేను పక్కన లేను కాబట్టి, ఆయనకి వినపడదు కాబట్టి, ప్రతిదీ మాటల్లో పెట్టాల్సి వచ్చింది. కొన్నిటికి ఆయన దగ్గర మాటలు లేవు. "అది చెప్పేది కాదమ్మా" అని ఊరుకునేవాడు. మర్నాడు పొద్దున్నే తనే ఫోన్ చేసి, "నిన్న అడిగావుగా..." అని మొదలుపెట్టేవాడు.

*

జూన్‌లో మళ్ళీ లవ్‌ల్యాండ్ పాస్ ఎక్కాను. పైన ఆపి చూస్తే ల్యాంబ్డా 0.95, కింద ఇంటి దగ్గర ఉన్నదే. దగ్గు లేదు, మసి లేదు. వీడియో తీసి పంపాను. "హెల్పర్ పనిమంతుడే" అని జవాబొచ్చింది.

పోయినవి కూడా ఉన్నాయి. తాళం తిప్పగానే వెనక నుంచి టకటకమని కొట్టి, గొట్టాలు నిండాక ఆగిపోయే పాత పంపు చప్పుడు పోయింది. కొత్తది సన్నగా గుంయ్‌మంటుంది. చోక్ బొత్తాం డాష్‌బోర్డు మీద అలాగే ఉంది, లాగితే ఏమీ కాదు. అన్నిటికన్నా పెద్దది, ఇకనుంచి ఈ కారుని ఎవరు నడిపినా వాళ్ళకి పిన్ను ఎత్తడం, వినడం, పలక తిప్పడం రానక్కర్లేదు. కారు ఆత్మ పోతుందనేవాళ్ళు చెప్పేది ఇదే అయితే నేను కాదనలేను. కానీ ఆ విద్య ఈ కారులో ఉన్నది కాదు. విజయవాడలో ఒక మనిషి చెవిలో ఉంది, ఆ చెవి ముందే వెళ్ళిపోయింది. ఇప్పుడందులో కొంత ఒక ఫైల్‌లో ఉంది. ఎంత అని అడిగితే చెప్పలేను. ఐడ్లింగ్ చుట్టూ ఉన్న పది పన్నెండు గళ్ళు, గుటక అంకెలు రెండు, చలి పట్టికలో సగం.

సంక్రాంతికి ఇంటికెళ్ళినప్పుడు పట్టిక మొత్తం పెద్ద కాగితం మీద ప్రింటు తీసి పట్టుకెళ్ళాను. నాన్న అరుగు మీద కూర్చుని అద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశాడు. నిలువు మెట్లు ఇరవై అయిదు నుంచి వంద దాకా, ఐదేసి తేడాతో ఉంటాయి. పైనున్న మూడు వరసల మీద వేలు పెట్టి, "ఇక్కడ అంకెలు ఇంత నున్నగా పెరిగాయేంటి? మిగతావి ఎగుడుదిగుడుగా ఉన్నాయిగా" అన్నాడు.

తొంభై, తొంభై అయిదు, వంద. ఎంత తొక్కినా డెన్వర్‌లో గాలి పీడనం ఎనభైమూడు దాటదు కాబట్టి ఆ వరసల్లోకి నా కారు ఎప్పుడూ వెళ్ళలేదు. కింది గళ్ళ పోకడ చూసి లెక్కగట్టి నింపినవి. పదహారు మూళ్ళు నలభై ఎనిమిది గళ్ళు. అవి సముద్రం పక్కన ఉండే ఊళ్ళ గాలికి చెందినవని చెప్పాను.

"అంటే ఇవి మావి" అన్నాడు. పెన్సిల్ తీసి మూడు వరసల చుట్టూ గీత గీశాడు. "రోడ్డు మీద చూడకుండా వేసిన అంకె అంకె కాదు. ఎప్పుడు చూస్తావు?"

డెన్వర్ నుంచి కాలిఫోర్నియా సముద్రానికి పదహారు వందల కిలోమీటర్లు. వచ్చే వేసవికి అనుకుంటున్నాను. ల్యాప్‌టాప్ పక్కసీట్లో ఉంటుంది, గ్లాసు కూడా పెట్టుకుంటాను.